ఇంటికి ట్రెడ్‌మిల్ ఎంచుకోవడం: కొలతలు తీయడం నుంచి నూనె వేయడం దాకా

మూడేళ్ళ కింద మా నాయనకు షుగరు బయటపడింది. రోజూ అరగంట నడవమన్నారు డాక్టరు. నెల్లూరులో నడవడానికి చోటు లేక కాదు. ఏసీ సుబ్బారెడ్డి స్టేడియం ఉంది, వీఆర్సీ గ్రౌండ్ ఉంది, తెల్లవారుజామున అయిదింటికే రెండు చోట్లా జనం తిరుగుతుంటారు. కానీ ఏప్రిల్ వచ్చిందంటే ఏడు కాకముందే ఎండ చురుక్కుమంటుంది. రోహిణి కార్తెలో సాయంత్రం ఏడింటికి కూడా రోడ్డు సెగ చల్లారదు. అక్టోబరు దాటితే వానలు, తుఫాన్లు. ఇక మా వీధి కుక్కల సంగతి చెప్పనక్కర్లేదు. డెబ్బై ఏళ్ళ మనిషిని నెలకు పది రోజులు కూడా బయట నడిపించలేకపోయాం. అందుకని ఇంట్లోనే ట్రెడ్‌మిల్ పెట్టాం. ఆన్‌లైన్‌లో ఫొటో చూసి, పక్కన పెద్ద అక్షరాలతో ఉన్న ‘4 హెచ్‌పీ’ చూసి కొన్నాం. హెచ్‌పీ అంటే హార్స్‌పవర్, మోటారు బలం లెక్క.

ఏడో నెలలో ఒకరోజు పొద్దున అది నాయన కాళ్ళ కింద గుంజి గుంజి ఆగిపోయింది. హ్యాండిల్ పట్టుకుని ఉన్నాడు కాబట్టి పడలేదు. ఆ రోజు నా గుండె ఎంత కొట్టుకుందో నాకే తెలుసు. తర్వాత రెండోది కొనే ముందు నెల రోజులు కొట్లు తిరిగాను, మెకానిక్కులతో మాట్లాడాను, మూతలు విప్పించి చూశాను. అందులో నాకు తెలిసింది ఒకటే. ట్రెడ్‌మిల్ మంచిదా కాదా అన్నది తెర మీద కనిపించదు, అడుగున ఉంటుంది. ఆ అడుగు మన ఇంట్లో మనిషికి సరిపోతుందా అన్నది ముందు మన మనిషిని కొలిస్తేనే తెలుస్తుంది. ఆ వరుసలోనే చెబుతాను.

1. ముందు మనుషుల కొలతలు

ఒక కాగితం తీసుకుని ఇంట్లో ఎవరెవరు ఎక్కుతారో రాయండి. పేరు ఎదురుగా బరువు, ఎత్తు, నడుస్తారా పరిగెత్తుతారా, మోకాళ్ళ నొప్పి ఉందా అన్నవి రాయండి. మా కాగితం ఇది: నాయన 92 కిలోలు, నడక మాత్రమే. అమ్మ 64 కిలోలు, మోకాళ్ళ నొప్పి. నేను 78 కిలోలు, వారంలో మూడు రోజులు నెమ్మది పరుగు. కొట్టువాడు ఏం చెప్పినా నేను ఈ మూడు వరుసల వైపే చూశాను.

బరువు సంగతి. ‘గరిష్ఠ బరువు 100 కిలోలు’ అని రాసి ఉంటే 100 కిలోల మనిషి రోజూ హాయిగా నడవొచ్చని కాదు. అది ఆ యంత్రం తట్టుకునే చివరి హద్దు. ఇంట్లో అందరికన్నా బరువైన మనిషికి ఇంకో 20 కిలోలు కలిపి, అంతకు తగ్గనిదే చూడండి. మాకు 92కు 20 కలిపితే 112. అందుకని 110 కిలోల మోడల్ ఎంత చవకగా ఇస్తామన్నా వదిలేసి 120 కిలోలది తీసుకున్నాం.

ఎత్తును బట్టి బెల్టు పొడవు. నడకకే అయితే 120 సెంటీమీటర్ల పొడవు, 42 సెంటీమీటర్ల వెడల్పు సరిపోతాయి. పరిగెత్తే వాళ్ళుంటే పొడవు 130 పైన, వెడల్పు 45 పైన ఉండాలి. ఆరడుగుల మనిషి పరిగెత్తాలంటే 140 కావాలి. పెద్దవాళ్ళ విషయంలో వెడల్పుకే ఎక్కువ విలువ ఇవ్వండి. వాళ్ళ అడుగు నిటారుగా పడదు, అటూ ఇటూ జరుగుతుంది. 40 సెంటీమీటర్ల బెల్టు మీద నాయన కాలు పక్క పట్టీని తగలడం నేను చాలాసార్లు చూశాను.

పెద్దవాళ్ళ కోసం ఇంకో రెండు చూడాలి, వీటిని కొట్లో ఎవరూ చెప్పరు. ఒకటి, నేల మీద నుంచి బెల్టు మీదికి ఎక్కే మెట్టు ఎంత ఎత్తుంది. 15 సెంటీమీటర్ల దరిదాపుల్లో ఉంటే మోకాళ్ళ నొప్పి ఉన్నవాళ్ళు కూడా ఎక్కగలరు. రెండు, హ్యాండిళ్ళు ఎంత వెనక దాకా వచ్చాయి. మడిచిపెట్టే మోడళ్ళలో చాలావాటికి హ్యాండిల్ జానెడు పొడవు మాత్రమే ఉంటుంది. పెద్దవాళ్ళు అడుగు వెనకబడితే పట్టుకోవడానికి ఏమీ ఉండదు. మంచం కిందికి తోసేసే పల్చటి వాకింగ్ ప్యాడ్లకైతే అసలు హ్యాండిళ్ళే ఉండవు. ఆఫీసు పని చేసుకుంటూ నడిచే కుర్రవాళ్ళకు అవి బాగుంటాయి, అమ్మానాన్నలకు మాత్రం వద్దు. మోటారు లేకుండా కాళ్ళతో తోసుకుంటూ నడిచే మాన్యువల్ మిషన్లు కూడా మోకాళ్ళకు మంచివి కావు.

గుండె జబ్బు, బీపీ, షుగరు ఉన్నవాళ్ళు డాక్టరును అడిగిన తర్వాతే మొదలుపెట్టాలి. టీఎంటీ పరీక్ష (ట్రెడ్‌మిల్ మీద నడిపించి గుండె పనితీరు చూసేది) అవసరమో లేదో వాళ్ళే చెబుతారు. పెద్దవాళ్ళకు వారానికి కనీసం 150 నిమిషాల మోస్తరు వ్యాయామం ఉండాలన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట. అంటే వారంలో అయిదు రోజులు, రోజుకు అరగంట నడక. మనం కొనేది ఆ అరగంటను ఏళ్ళ తరబడి మోసే యంత్రం.

2. చోటు

కొట్టుకు వెళ్ళకముందే సుద్దముక్కతో నేల మీద గీత గీయండి. మిషన్ దాదాపు అయిదున్నర అడుగుల పొడవు, రెండున్నర అడుగుల వెడల్పు ఉంటుంది. దాని వెనక ఆరడుగులు, పక్కల అడుగున్నర చొప్పున ఖాళీ వదలాలి. ఆ వెనక ఆరడుగుల దగ్గరే అందరూ తప్పు చేస్తారు. టీవీ ఎదురుగా ఉండాలని ముందు భాగాన్ని అటు తిప్పి, వెనక భాగాన్ని గోడకో మంచానికో ఆనించేస్తారు. కాలు జారిన మనిషిని బెల్టు వెనక్కి విసురుతుంది. అక్కడ గోడ ఉంటే మనిషి గోడకూ బెల్టుకూ మధ్య ఇరుక్కుంటాడు, తిరిగే బెల్టు చర్మాన్ని కాల్చేస్తుంది. చోటు చాలకపోతే టీవీని మార్చండి.

పైన ఎత్తు చూసుకోండి. మనిషి ఎత్తుకు బెల్టు ఎత్తు, దానికి ఇంకో జానెడు కలపాలి. మామూలు స్లాబు కింద ఇబ్బంది ఉండదు. అటక కింద పెడితే మాత్రం తల తగులుతుంది.

బాల్కనీలో, టెర్రస్ రేకుల కింద పెట్టొద్దు. ఎండకు బెల్టు బిరుసెక్కుతుంది, తేమకు అడుగున ఉన్న చెక్క ఉబ్బుతుంది. మైపాడు, కృష్ణపట్నం, కొత్తపట్నం వైపు సముద్రానికి దగ్గరగా ఉన్న ఇళ్ళలో ఉప్పుగాలికి బోల్టులు తుప్పుపడతాయి, మోటారుకు కరెంటు పంపే బోర్డు మీద టంకాలు కూడా పాడవుతాయి. అక్కడ లోపలి గదిలోనే ఉంచి, గుడ్డ కప్పి పెట్టాలి. అలాగని గాలాడని గది కూడా వద్దు. మే నెలలో మూసిన గదిలో అరగంట నడిస్తే మనిషీ తట్టుకోలేడు, మోటారూ తట్టుకోదు.

మన ఇళ్ళలో నేల కూడా చూడాలి. ఒంగోలు వైపు చాలా ఇళ్ళలో చీమకుర్తి గ్రానైట్ అద్దంలా పాలిష్ చేసి వేస్తారు. ఆ నునుపు మీద మిషన్ మెల్లగా జరుగుతుంది. 6 మిల్లీమీటర్లకు తగ్గని రబ్బరు మ్యాట్ కింద పరిస్తే కదలదు, కింది ఫ్లాటు వాళ్ళకు చప్పుడు కూడా తగ్గుతుంది.

మెట్ల మలుపు, లిఫ్టు, తలుపు వెడల్పు టేపుతో కొలిచి రాసుకోండి. పెట్టె 60, 70 కిలోలు ఉంటుంది. ఆన్‌లైన్ డెలివరీ అంటే చాలాసార్లు గేటు దాకానే. పైకి మోయించే కూలి ఎవరిదో ముందే అడగండి.

3. కరెంటు

మామూలు 6 ఆంప్స్ ప్లగ్గులో పెట్టి నడిపేవాళ్ళు ఎంతమందో. అది తప్పు. 16 ఆంప్స్ పవర్ ప్లగ్ కావాలి, దానికి విడిగా ఎంసీబీ (లోడు ఎక్కువైతే దానంతటదే పడిపోయే స్విచ్) ఉండాలి, ఎర్త్ తప్పనిసరి. చెమట కారే చేతులతో ఇనుప హ్యాండిల్ పట్టుకుంటాం, కాబట్టి ఎర్త్ ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌ను పిలిచి టెస్ట్ ల్యాంపుతో చూపించమనండి. మాది పాత ఇల్లు. మూడో పిన్నుకు రంధ్రం ఉంది గానీ దాని వెనక వైరే లేదు. మనలో చాలా ఇళ్ళలో ఇదే పరిస్థితి.

ఏసీ ఉన్న లైనులోంచే దీన్నీ లాగొద్దు. ఎక్స్‌టెన్షన్ బాక్సు వద్దు. ఇంట్లో ఇన్వర్టర్ దీన్ని మోయలేదు, దాని లైనుకు కలపకండి. ఓల్టేజీ ఎక్కువ తక్కువలయ్యే చోట స్టెబిలైజర్ పెట్టాల్సిందే. దాని సైజు మిషన్ బుక్కులో రాసిన వాట్లను బట్టి తీసుకోవాలి. తుఫాను రోజుల్లో కరెంటు పోయి వచ్చేటప్పుడే బోర్డులు ఎక్కువగా కాలిపోతాయి. కరెంటు పోగానే గోడ స్విచ్ ఆపేసి, తిరిగి వచ్చాక పది నిమిషాలు ఆగి వేయడం ఇంట్లో అందరికీ అలవాటు చేయండి.

కరెంటు బిల్లు గురించి టెన్షన్ పడొద్దు. అరగంట నడకకు అర యూనిట్ కూడా దాటదు.

4. మోటారు

నా డబ్బు పోయింది ఇక్కడే, అందుకే ఇక్కడ ఎక్కువసేపు ఆగుతాను.

మిషన్ ఆగిపోయిన ఇరవై రోజులకు మెకానిక్ వచ్చాడు. ముందున్న ప్లాస్టిక్ మూతకు నాలుగు స్క్రూలు తీశాడు. లోపల దుమ్ము, వెంట్రుకలు, కాలిన వాసన. మోటారుకు అంటించిన చిన్న వెండి రంగు రేకును గుడ్డతో తుడిచి సెల్‌ఫోన్ లైటు వేశాడు. దాని మీద 1.5 హెచ్‌పీ అని ఉంది. పెట్టె మీద 4.

“ఇదేంది బాబూ?” అన్నాడు నాయన.

“అది పీక్ అండీ. ఒక్క క్షణం ఎత్తుకునేది. రోజూ మోసేది ఈ రేకు మీద ఉండేదే” అన్నాడు అతను.

మోటారుకు రెండు రకాల లెక్కలు ఉంటాయి. పీక్ హెచ్‌పీ అంటే కొద్ది క్షణాలు మాత్రం చూపించగల బలం. కంటిన్యువస్ హెచ్‌పీ, అంటే సీహెచ్‌పీ, ఆగకుండా గంటల తరబడి ఇచ్చే బలం. మనకు కావాల్సింది రెండోదే. ప్రకటనలో ఉత్త ‘హెచ్‌పీ’ అని మాత్రమే రాసి ఉంటే అది పీక్ అనుకోండి. సీహెచ్‌పీ ఎంతో కాగితం మీద చూపించమని అడగండి. చూపించలేకపోతే ఆ మోడల్ వదిలేయండి.

మూత విప్పకుండా మీరే చేసుకోగల చిన్న లెక్క ఒకటుంది. ఒక హెచ్‌పీ అంటే 746 వాట్లు. 4 హెచ్‌పీ అంటే దాదాపు 3,000 వాట్లు. మా మొదటి మిషన్ వైరు చివర ఉన్నది 6 ఆంప్స్ ప్లగ్. 230 ఓల్టుల్ని ఆరుతో హెచ్చిస్తే 1,380 వాట్లు. గోడలోంచి 1,380 వాట్లు మాత్రమే తీసుకోగల మిషన్ 3,000 వాట్ల బలం ఎక్కడ నుంచి తెస్తుంది? కొట్లో ముందు ప్లగ్గు పిన్నుల లావు చూడండి.

ఇప్పుడు అసలు విషయం. నేనేమో ‘నాయన పరిగెత్తడు కదా, నిదానంగా నడుస్తాడు, చిన్న మోటారు చాలు’ అనుకున్నాను. అందరూ ఇలాగే అనుకుంటారు. జరిగేది దానికి తలకిందులు. బరువైన మనిషి నిదానంగా నడిస్తేనే ఇళ్ళ మిషన్లలో ఉండే డీసీ మోటారుకు కష్టం ఎక్కువ. ప్రతి అడుగుకూ కాలు బెల్టును కిందికి నొక్కి పట్టేస్తుంది. ఆ పట్టును విడిపించుకుని లాగడానికి మోటారు ఎక్కువ కరెంటు తీసుకుంటుంది. పైగా మోటారును చల్లబరిచే ఫ్యాను దాని ఇరుసుకే బిగించి ఉంటుంది. ఇరుసు నిదానంగా తిరిగితే ఫ్యానూ నిదానమే. వేడి పుడుతుంది, బయటికి పోదు. మోటారు కన్నా ముందు దానికి కరెంటు పంపే కంట్రోల్ బోర్డు కాలిపోతుంది. మాకు జరిగింది అదే.

కాబట్టి నా లెక్క ఇది. 70 కిలోల లోపు, నడక మాత్రమే అయితే 1.5 నుంచి 2 సీహెచ్‌పీ. 80 దాటితే నడకకు కూడా 2 కన్నా తగ్గొద్దు, 90 దాటితే 2.5 చూడండి. నెమ్మది పరుగుకు 2.5, రోజూ గట్టిగా పరిగెత్తే వాళ్ళకు 3. ఏసీ కరెంటుతో నడిచే మోటార్లు జిమ్ములకు, పది మంది రోజంతా వాడే చోటికి. ఇంటికి మంచి డీసీ మోటారు చాలు, చప్పుడు కూడా తక్కువ.

5. బెల్టు, డెక్, రోలర్లు

బెల్టు కింద ఉన్న చెక్క పలకను డెక్ అంటారు. బెల్టు అంచును రెండు వేళ్ళతో ఎత్తి చూడండి. డెక్ నున్నగా, గట్టి పూతతో ఉండాలి. బెల్టు మందం 1.6 మిల్లీమీటర్లకు తగ్గకూడదు, 2 ఉంటే మంచిది. ముందూ వెనకా తిరిగే రోలర్లు లావుగా ఉంటే బెల్టు మీద లాగుడు తగ్గుతుంది, బేరింగులు ఎక్కువ కాలం వస్తాయి. 50 మిల్లీమీటర్ల దరిదాపుల్లో ఉన్నవి చూడండి.

డెక్ కింద రబ్బరు దిమ్మెలు ఉంటాయి. మోకాళ్ళ నొప్పి ఉన్నవాళ్ళకు వీటి అవసరం ఎక్కువ. దిమ్మెలు ఎన్ని అన్న అంకె వినొద్దు. అమ్మను ఎక్కించి, సిమెంటు మీద నడిచినట్టుందా, మట్టి మీద నడిచినట్టుందా అని అడగండి. మా అమ్మ ఒక మిషన్ మీద నాలుగు అడుగులు వేసి, “ఇది గట్టిగా ఉందిరా, వద్దు” అని దిగేసింది. రెండో దాని మీద పది నిమిషాలు నడిచింది.

ఇంక్లైన్, అంటే ఎత్తు ఎక్కుతున్నట్టు ముందు భాగం లేవడం. పరిగెత్తకుండానే గుండెకు పని చెప్పాలంటే ఇది బాగా ఉపయోగపడుతుంది. మాన్యువల్ అయితే దిగి, వెనక కాళ్ళు మార్చాలి, కాబట్టి ఎవరూ మార్చరు. ఆటో ఇంక్లైన్‌కు ఇంకో మోటారు ఉంటుంది, ధర పెరుగుతుంది. నడక మాత్రమే అయితే ఆ డబ్బు పెద్ద మోటారు మీద పెట్టండి.

6. తెర, యాప్, మసాజర్

ఇక్కడ ఎక్కువ చెప్పడానికి లేదు. వేగం, సమయం, దూరం పెద్ద అంకెల్లో కనిపిస్తే చాలు, నాయనలాంటి వాళ్ళు కళ్ళద్దాలు లేకుండా చదవగలగాలి. కేలరీల అంకె అంచనా మాత్రమే. హ్యాండిల్ మీద చెయ్యి పెడితే వచ్చే గుండె లెక్కను వైద్యానికి నమ్మకండి. నడుము ఊపే మసాజర్, ట్విస్టర్, డంబెల్స్ ఉచితం అన్న మోడళ్ళలో ఆ ఖర్చును మోటారులోనో బోర్డులోనో తగ్గించి ఉంటారు. వద్దు.

7. కొట్లో పదిహేను నిమిషాలు

నడక బూట్లు వేసుకుని వెళ్ళండి. ఇంట్లో అందరికన్నా బరువైన మనిషిని వెంట తీసుకెళ్ళండి. నేను నాయనను తీసుకెళ్ళాను. కొట్లో అబ్బాయి రెండు నిమిషాలకే ఆపబోయాడు.

“సార్, చాలు గదా, చూశారు గదా.”

“చెప్పులు కొనేదానికే పదడుగులు నడిచి చూస్తామయ్యా. ఇది యాభై వేలది” అన్నాడు నాయన. ఆ తర్వాత ఎవరూ ఏమీ అనలేదు.

స్విచ్ వేయకముందు రెండు హ్యాండిళ్ళూ పట్టుకుని అటూ ఇటూ ఊపండి. స్తంభాలు ఊగితే బరువున్న మనిషి కింద ఇంకా ఊగుతాయి. తర్వాత గంటకు 2 కిలోమీటర్ల వేగం పెట్టి బరువైన మనిషిని ఎక్కించండి. అడుగు గట్టిగా వేయమనండి. మీరు కిందికి వంగి బెల్టునే చూడండి. అడుగు పడ్డప్పుడల్లా బెల్టు ఒక్క క్షణం తడబడుతుందా? మోటారు మూలుగుతుందా? తడబడితే ఆ మోటారు ఆ మనిషికి చాలదు. నాకు తెలిసిన పరీక్షల్లో దీన్ని మించింది లేదు, దీనికి పైసా ఖర్చు కూడా లేదు.

తర్వాత 5 కిలోమీటర్లకు పెంచి పది నిమిషాలు నడవనివ్వండి. వేగం మెల్లగా పెరగాలి, ఒక్కసారి గుంజకూడదు. పక్కన నిలబడి మామూలు గొంతుతో మాట్లాడితే వినపడాలి. దిగిన వెంటనే ముందు మూత మీద చెయ్యి పెట్టండి. వెచ్చగా ఉండొచ్చు గానీ చెయ్యి పెట్టలేనంత వేడి ఉండకూడదు. రబ్బరు కాలిన వాసన వస్తే ఇంకేమీ అడగక్కర్లేదు.

నడుస్తుండగా సేఫ్టీ కీ (చొక్కాకు క్లిప్పుతో తగిలించుకునేది, ఊడితే మిషన్ ఆగిపోతుంది) లాగి చూడండి. మనిషి ముందుకు తూలకుండా బెల్టు వెంటనే నిదానించి ఆగాలి. చివరగా మిషన్‌ను మీరే మడిచి, మీరే దించండి. దించేటప్పుడు దభాలున పడకుండా మెల్లగా దిగాలి, ఇంట్లో పిల్లలుంటే ఇది మరీ ముఖ్యం.

8. బోర్డు పోతే ఎవరొస్తారు

కొట్లో అడగాల్సిన ప్రశ్నలన్నిటిలో నేను ముందు పెట్టేది ఇది: “మీ మెకానిక్ యాడ ఉంటాడు?” నెల్లూరులోనే ఉన్నాడా, తిరుపతి నుంచో చెన్నై నుంచో రావాలా? ఒంగోలు వాళ్ళయితే విజయవాడ నుంచా? కంట్రోల్ బోర్డు స్పేరు ఎక్కడ ఉంటుంది, ఎన్ని రోజుల్లో వస్తుంది? మా ఊళ్ళో ఆ మోడల్ కొన్న ఇద్దరి ఫోన్ నంబర్లు ఇస్తారా? కొత్త మిషన్ కోసం తిరిగినప్పుడు, నేను అడిగిన నాలుగు కొట్లలో ఒక్కచోటే నంబర్లు ఇచ్చారు. ఫోను చేసి మాట్లాడి, అక్కడే కొన్నాను. చెన్నైలో అయిదు వేలు తక్కువకు వచ్చేది. కానీ మెకానిక్ సాయంత్రానికి ఇంటికి వచ్చే వీలు నాకు ఆ అయిదు వేల కన్నా ఎక్కువ.

‘మోటారుకు జీవితకాల వారంటీ’ అన్న మాటకు పడిపోకండి. ముందు పోయేది బోర్డు, తర్వాత బెల్టు. వాటికి ఎన్నాళ్ళు, మెకానిక్ కూలి ఎవరిది, రాకపోకల ఖర్చు ఎవరిది అన్నది కాగితం మీద రాయించండి. బిల్లు జీఎస్టీతో, మిషన్ సీరియల్ నంబరుతో తీసుకోండి.

పెట్టె విప్పేటప్పుడు మొదటి నుంచి చివరి దాకా వీడియో తీయండి. వారంటీ ఉండగా రిపేరు చేయకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేయొచ్చు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం, అమ్మినవాడు ఏ ఊళ్ళో ఉన్నా, మీరు ఉండే జిల్లాలోని వినియోగదారుల కమిషన్‌లోనే ఫిర్యాదు చేసుకోవచ్చు. 5 లక్షల లోపు వస్తువుకు ఫీజు లేదు. నాకు మొదటిసారి ఇది తెలియక ఊరుకున్నాను.

9. ఎంత డబ్బు పెట్టాలి

నేను తిరిగిన కొట్ల ధరలను బట్టి చెబుతున్నాను. నడకకు మాత్రమే, 80 కిలోల లోపు మనుషులకు 30 నుంచి 45 వేలలో పనికొచ్చేవి దొరుకుతాయి. బరువైన మనుషులు, నెమ్మది పరుగు ఉంటే 50 నుంచి 80 వేలు. రోజూ పరిగెత్తే వాళ్ళకు లక్ష దాకా. మ్యాట్, స్టెబిలైజర్, ఎలక్ట్రీషియన్ కూలికి ఇంకో 8, 10 వేలు పక్కన పెట్టుకోండి.

అంత పెట్టలేకపోతే చవక కొత్తదాని కన్నా మంచి సెకండ్ హ్యాండ్ మేలని నేననుకుంటాను. కొనేవాళ్ళు ఎందరో రెండు నెలలు నడిచి ఆపేస్తారు కాబట్టి దాదాపు కొత్తవే అమ్మకానికి వస్తాయి. బెల్టు ఎత్తి డెక్ మధ్యలో చూడండి. పూత అరిగి చెక్క కనిపిస్తే డెక్, బెల్టు రెండూ మార్చాలి. ఖాళీగా తిప్పి రోలర్ల దగ్గర చెవి పెట్టండి, గరగర వినిపిస్తే బేరింగులు పోయినట్టే. మూత విప్పించి మోటారు రేకు ఫొటో తీసుకోండి. కొత్తదాని ధరలో సగానికి మించి ఇవ్వొద్దు.

10. ఇంటికి వచ్చిన రోజు

ఎక్కేటప్పుడు బెల్టు మీద కాదు, రెండు పక్కల పట్టీల మీద నిలబడి, సేఫ్టీ కీ క్లిప్పు చొక్కాకు తగిలించి, వేగం 1 దగ్గర ఉండగా బెల్టు మీదికి దిగాలి. ఆగేటప్పుడు పూర్తిగా నిలిచాకే దిగాలి. కరెంటు పోతే బెల్టు ఉన్నపళంగా ఆగుతుంది, కాబట్టి పెద్దవాళ్ళు ఒక చెయ్యి హ్యాండిల్ మీదే ఉంచాలి. నాయనకు మొదటి వారం రోజుకు అయిదు నిమిషాలు, గంటకు 2 కిలోమీటర్లు మాత్రమే పెట్టాం. నెలకు 4 దాకా వచ్చాడు.

ఆడవాళ్ళ సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. చీర కుచ్చిళ్ళు, పైట కొంగు, చున్నీ, పొడుగు నైటీ బెల్టులో చిక్కుకుంటే మనిషిని లాగేస్తాయి. అమ్మకు రెండు పంజాబీ డ్రస్సులు కుట్టించాం, చున్నీ లేకుండా. మొదట మొహమాటపడింది, ఇప్పుడు తనే వేసుకుని ఎక్కుతుంది. జడ ముడి వేసుకోవాలి. షుగరు ఉన్నవాళ్ళు ఉత్త కాళ్ళతో ఎక్కకూడదు, పాదాల్లో స్పర్శ తగ్గి ఉంటే బొబ్బ లేచినా తెలియదు. మాత్ర వేసుకుని ఏమీ తినకుండా నడవొద్దు. పక్కనే రెండు చాక్లెట్లో, కాస్త చక్కెరో ఉంచండి.

పిల్లలున్న ఇల్లయితే వాడనప్పుడు కీ తీసి పైన మేకుకు తగిలించండి, గోడ స్విచ్ ఆపండి. అమెరికాలో 2021లో పెలోటన్ ట్రెడ్ ప్లస్ అనే మిషన్ కింద ఇరుక్కుని ఒక పిల్లవాడు చనిపోయాక, దాదాపు 1,25,000 మిషన్లను కంపెనీ వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. పిల్లల వేళ్ళు వెనక రోలర్ దగ్గరికే పోతాయి. ఎవరైనా నడుస్తుంటే పిల్లలు ఆ గదిలో ఉండకూడదు.

11. నూనె, బిగింపు

బెల్టుకూ డెక్‌కూ మధ్య సిలికాన్ ఆయిల్ ఉండాలి. రోజూ ఇద్దరు నడిచే ఇంట్లో రెండు మూడు నెలలకోసారి వేయండి. బెల్టు కిందికి చెయ్యి పోనిచ్చి డెక్‌ను తాకితే వేళ్ళకు పొడిగా తగిలిందంటే వేళ అయినట్టే. కొన్ని మోడళ్ళకు నూనె అక్కర్లేదు, బుక్కులో చూసుకోండి. కొబ్బరినూనె, కుట్టుమిషన్ నూనె, తుప్పు వదిలించే స్ప్రే వేయొద్దు, బెల్టు పాడవుతుంది. ప్లగ్గు తీసి, బెల్టు అంచు ఎత్తి, డెక్ మధ్యకు చేరేలా రెండు వైపులా కలిపి 20, 30 మిల్లీలీటర్లు వేసి, ఎవరూ ఎక్కకుండా 3 కిలోమీటర్ల వేగంతో అయిదు నిమిషాలు తిప్పండి. ఎక్కువ పోస్తే బెల్టు జారుతుంది.

బెల్టు కుడివైపు జరిగిపోతుంటే, ఖాళీగా తిరుగుతుండగా వెనక కుడి బోల్టును మిషన్‌తో వచ్చిన ఎలన్ కీతో పావు చుట్టు బిగించి, నిమిషం ఆగి చూడండి. ఎడమకు జరిగితే ఎడమ బోల్టు. ఒకేసారి రెండు చుట్లు తిప్పకండి. ఈ పని చేసేటప్పుడు కొంగు, చొక్కా చేతులు, వేళ్ళు రోలర్‌కు దూరంగా ఉండాలి. బిగువు సరిగ్గా ఉంటే మధ్యలో బెల్టు అంచు మూడు వేళ్ళు దూరేంత పైకి లేస్తుంది. ఆరు నెలలకోసారి మెకానిక్‌తో మూత విప్పించి లోపలి దుమ్ము తీయించండి.

మా ఇంట్లో వంటింటి క్యాలెండరు మీద నూనె వేసిన తేదీ చుట్టూ నాయన ఎర్ర పెన్నుతో సున్నా చుడతాడు. మళ్ళీ వేయాల్సింది వినాయక చవితి ముందు ఆదివారం.